వరద పడవ, ఏడో గడి

ఒక బస్తీ ఎంత నాగరికమైందో దాని దగ్గర ఎన్ని పడవలున్నాయో లెక్కపెట్టి కాదు, ఉన్న ఒక్క పడవకు ఎన్ని రిజిస్టర్లున్నాయో లెక్కపెట్టి తేల్చాలి. ఈ కొలత ప్రకారం కిషన్‌బాగ్‌లో మూసీ ఒడ్డునున్న నాలుగు గల్లీల వరద రక్షణ కమిటీ ప్రపంచంలో ఏ నౌకాదళానికీ తీసిపోదు. పడవ ఒకటి. రిజిస్టర్లు పదకొండు. రబ్బరు ముద్రలు మూడు: గుండ్రటిది, నలుచదరంది, 'అత్యవసరం' అని రాసి ఉన్నది. (మూడోది వేయాలంటే మొదటి రెండూ ముందే పడి ఉండాలి.)

ఈ వ్యవస్థనంతా ఒంటిచేత్తో నిలబెట్టిన మహానుభావుడు వేణుగోపాల్. వయసు యాభై రెండు. కార్వాన్‌లో ప్లైవుడ్, హార్డ్‌వేర్ దుకాణం. కమిటీకి గౌరవ కార్యదర్శి. కుర్రతనంలో దుకాణం లైసెన్సు కోసం పదకొండు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. అలా తిరిగినవాళ్లెవరైనా ఆఫీసులను తిట్టిపోస్తారు. వేణుగోపాల్ ప్రేమలో పడ్డాడు. ఆ ఫారాలేమిటి, ఆ గడులేమిటి, తలెత్తకుండానే 'రేపు రండి' అనడంలో ఆ హుందాతనమేమిటి! జన్మకో శివరాత్రిలా తనకూ ఎవరినైనా రేపు రమ్మనే యోగం పట్టకపోతుందా అనుకున్నాడు. పట్టింది.

అసలు పడవ ఎందుకొచ్చిందో చెప్పకపోతే నాగమణమ్మకు అన్యాయం జరుగుతుంది. ఆవిడది పల్లపు గల్లీలో చివరి ఇల్లు. ఆ తర్వాత ఇక మూసీయే. నలభై ఏళ్లు పాలు పోసి పోసి మోకాళ్లు అరిగిపోయాయి. నిచ్చెన ఎక్కలేదు, ఇంటికి మెట్లు లేవు. కొన్నేళ్ల కిందటి వరదలో బల్ల మీద మంచం వేసుకుని, దాని మీద ఆరు గంటలు కూర్చుంది. చివరికి నలుగురు మనుషులు ఫంక్షన్ హాలు నుంచి బిర్యానీ వండే పెద్ద దేగ్ ఒకటి తెచ్చి, అందులో ఆవిడను కూర్చోబెట్టి, తోసుకుంటూ గట్టుకు చేర్చారు. జన్మలో కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. వారం రోజులు ఒంటి నుంచి షాజీరా వాసన పోలేదని ఇప్పటికీ చెబుతుంది.

"ఇంకోపారి నీళ్లొస్తే సస్త గని దేగ్‌ల ఎక్క," అని ఆవిడ అప్పుడే కమిటీ ముఖాన చెప్పేసింది.

ఆ మాట ఎలా పోయి ఎవరి చెవిన పడిందో గాని, ఒక ధర్మసంస్థ మోటారుతో సహా ఫైబర్ పడవ ఇచ్చింది. "నీళ్లొస్తే పడవ మొదలు నీ గడపకే వస్తదమ్మా. నా జిమ్మ," అని వేణుగోపాల్ నాగమణమ్మకు మాటిచ్చాడు. ఇచ్చిన మాటను నాలుగో రిజిస్టర్‌లో ఎక్కించి నలుచదరం ముద్ర కూడా వేశాడు.

తర్వాత కొన్నేళ్లు మూసీ మర్యాదగా ఉంది. పడవ కమిటీ హాలు పక్కన ఇనుప స్టాండు మీద దర్జాగా కూర్చుంది. ప్రతి దసరాకు ఆయుధపూజ. పైపు పెట్టి లోపలా బయటా కడగడం, పసుపు కుంకుమ పెట్టడం, నిమ్మకాయలు కట్టడం, గుమ్మడికాయ కొట్టడం. మిగతా ఏడాదంతా గాలి కూడా చొరకుండా టార్పాలిన్ బిగించి కట్టడం (టార్పాలిన్ వేణుగోపాల్ దుకాణంలో కొన్నదే, మొదటి రకం). ఆ విధంగా నీటి మీద ఒక్కసారి కూడా తేలని పడవ నీళ్లకు కుళ్లిపోయింది.

ఆ సంగతి సెప్టెంబరులో బయటపడింది. ఏడాదికొకసారి మోటారు తగిలించి చూడాలని పద్నాలుగో నిబంధన. (అంతకుముందు ఏళ్లలో దీన్ని కాగితం మీద ఎంతో చక్కగా అమలు చేశారు.) ఈసారి ఎందుకో బుద్ధి పుట్టి నిజంగానే తగిలించారు. మోటారు బరువుకు పడవ వెనక చెక్క చాయ్‌లో ముంచిన బన్నులా మెత్తగా లోపలికి పోయింది. మోటారు జారి కోశాధికారి కొండల్ కాలి బొటనవేలికి జానెడు దూరంలో పడింది.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఉండే సామ్యూల్‌ను పిలిపించారు. ఫైబర్ ట్యాంకులు, ఫైబర్ తలుపులు, చెరువుల్లో పిక్నిక్ జనాన్ని తిప్పే పడవలు బాగుచేయడం అతని పని. చిన్న సుత్తి తీసుకుని పడవ పొడవునా కొట్టుకుంటూ పోయాడు. ముందువైపు టక్ టక్ అంది. మధ్యలో టుక్ టుక్ అంది. వెనక్కి వచ్చేసరికి డప్ మంది. అక్కడ సన్నగా ఒక రంధ్రం వేస్తే గోధుమరంగు నీళ్లు కారాయి, పుల్లటి వాసనతో.

"పైన గిదంత ఫైబర్ తొడుగన్నా," అన్నాడు సామ్యూల్. "లోపల చెక్కుంటది. బలమంత గా చెక్కదే. ఫైబర్ కుళ్లది. చెక్కలకు నీళ్లు పోతే మల్ల బయటికి రాలేవు, లోపల్నే కూసుంటయి."

"బాగైతదా?"

"ఎందుకుగాదు! లోపలి తొడుగు కోసి, కుళ్లిన చెక్క తోడి తియ్యాలె. ఆరవెట్టాలె. కొత్త చెక్క పెట్టి, రెజిన్ పోసి, గ్లాసుగుడ్డ అతికియ్యాలె. ఎనిమిది దినాలు వడ్తది. గని పొడిగుండాలె. వాన తడిల రెజిన్ పట్టది."

కొండల్ ఫోనులో వాతావరణం చూశాడు. సరిగ్గా పదమూడు రోజులకు గట్టి వానలున్నాయని ఉంది. పైన జలాశయం అప్పటికే నిండుకుండలా ఉంది. వాన పడితే గేట్లు ఎత్తక తప్పదు. ఈ రెండు ముక్కలూ విన్న మామూలు మనిషైతే "సామ్యూల్, ఇప్పుడే మొదలుపెట్టు," అంటాడు. వేణుగోపాల్ మామూలు మనిషి కాదు. "ఫారం నింపాలె," అన్నాడు.

అది 'ప-4' ఫారం, నష్ట నివేదిక. అందులో ఏడో గడి: 'నష్టానికి కారకుడి పేరు.' ఒకప్పుడు ఎవరో పడవలో ఉల్లిగడ్డలు ఆరబోసినప్పుడు వేణుగోపాల్ కోపం పట్టలేక పెట్టిన గడి అది. దానికి తోడు పంతొమ్మిదో నిబంధన: 'కారకుడు తేలని నష్టమును బాగుచేయరాదు, బాగుచేసినచో కారకునికి ధైర్యము వచ్చును.' ఈ వాక్యం రాసిన రోజు తన తెలివికి తానే మురిసిపోయి, భార్య లావణ్యకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె రెండోసారి కూడా "మంచిగుంది" అంది, పప్పులో పోపు వేస్తూ.

ఈలోగా సామ్యూల్ పడవ వెనకవైపున్న ఇత్తడి బోర్డులను ఒక్కొక్కటిగా విప్పుతున్నాడు. గుడిలో ఫ్యానుకు రెక్కరెక్కకూ దాత పేరు రాయించే జాతి మనది, పడవను వదులుతామా? తాడు ఇచ్చినవారికో బోర్డు, లైఫ్ జాకెట్లు ఇచ్చినవారికో బోర్డు, తెడ్లకు ఒకటి, టార్పాలిన్‌కు ఒకటి. అన్నింటికంటే పెద్దది, సరిగ్గా మోటారు తగిలించే చోట, వేణుగోపాల్‌ది. 'పర్యవేక్షణ: గౌరవ కార్యదర్శి' అని. (ఇచ్చినదేమీ లేదు కనుక పర్యవేక్షణ ఇచ్చాడు.) ఆరు స్క్రూలు. దుకాణానికి అప్పుడే వచ్చిన కొత్త డ్రిల్లుతో, ఫొటోలు తీయించుకుంటూ, స్వహస్తాలతో కొట్టాడు.

"గీ స్క్రూ పొక్కలల్ల నీళ్లు దూరకుంట సిలికాన్ గిట్ల పెట్టలేదాన్నా?" అని సామ్యూల్ అడిగాడు.

వేణుగోపాల్ విప్పిన బోర్డును చొక్కా కొసతో తుడిచాడు. దుకాణంలో అతని కుర్చీకి సరిగ్గా నెత్తి మీద సిలికాన్ ట్యూబులు వరుసగా వేలాడుతుంటాయి. ఇరవై ఏళ్లుగా వచ్చిన ప్రతి గిరాకీకి, అడిగినా అడగకపోయినా, "పొక్క పెడితే సిలికాన్ పెట్టాలె, లేకుంటే చెక్క నాది గాదు" అని చెప్పి ఒక ట్యూబు అంటగడతాడు.

"చిన్న బోర్డుల కింద జర జర మెత్తగుంది," అన్నాడు సామ్యూల్ లోపలికి వేలు పెట్టి చూస్తూ. "గీ పెద్ద బోర్డు కింద చెక్కనే లేదు. వానొచ్చినప్పుడల్ల, మీరు కడిగినప్పుడల్ల గీ పొక్కల నుంచే తాగింది. పైనుంచి టార్పాలిన్ కట్టి లోపల ఉడకవెట్టిన్రు. ఎవరో గని మస్తు ప్రేమతోని కొట్టిన్రన్నా స్క్రూలు."

వేణుగోపాల్‌కు మొదట వేసింది భయం: పేరు పోతుందని. ఆ తర్వాత నాగమణమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఆ రెండూ వచ్చిన వరస తలుచుకుంటే సిగ్గు కూడా వేసింది. మూడూ ఒకేసారి గుమ్మంలోకొచ్చిన చుట్టాల్లా మీద పడేసరికి, ఏ బాధ్యతగల అధికారైనా చేసే పనే అతనూ చేశాడు. "విచారణ జరగాలె," అన్నాడు. విచారణ సంఘానికి అధ్యక్షుడెవరో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రోజు నీటిని విచారించారు. కమిటీ అధ్యక్షుడు బసవయ్య (కార్వాన్‌లో టోకు బెల్లం వ్యాపారి, డెబ్బై నాలుగేళ్లు, ఇంట్లో నిద్ర పట్టదని మీటింగులకు వస్తాడు) ఒక కన్ను తెరిచి "నీళ్లతోనే కరాబైందని రాసెయ్యరాదు," అన్నాడు. అది కుదరదని వేణుగోపాలే ఇరవై రెండో నిబంధన చూపించాడు. వరద పడవ విషయంలో నీరు నిందితుడు కాజాలదు. పడవ ఉన్నదే నీటి కోసం. బసవయ్య ఆ కన్ను మూశాడు.

రెండో రోజు మేకను విచారించారు. కొండల్ మేక మధ్యాహ్నాలు ఆ పడవ కిందే పడుకుంటుందని నలుగురికీ తెలుసు. మేకను హాలుకు రప్పించారు. ఏమడిగినా అది నోరు మెదపలేదు. మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవచ్చా అన్న విషయం మీద గంటన్నర చర్చ నడిచింది. "నా మేక మీద మచ్చ వేస్తే కోశాధికారి పదవికి రాజీనామ ఇస్త," అని కొండల్ లేచి నిలబడ్డాడు. ఈ లొల్లిలో మేక సభ్యుల సంతకాల కాగితం సగం తినేసింది. దాంతో ఆనాటి హాజరు చెల్లకుండా పోయింది.

మూడో రోజు వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టారు. పడవ పాడవడానికి కారణం: వాన, మేక, విధి. అరవై ఒక్క మంది ఓటేస్తే విధి బంపర్ మెజారిటీతో గెలిచింది. కాని విధి చిరునామా ఎవరికీ తెలియనందున నోటీసు పంపడం సాధ్యపడలేదు. నాలుగో రోజు, ఈ కష్టాన్ని మరింత లోతుగా పరిశీలించడానికి ఉపసంఘం వేశారు.

రోజూ పొద్దున సామ్యూల్ ఫోను చేసేవాడు. "అన్నా, ఎండ మంచిగ కొడ్తున్నది. ఎండ ఆగదన్నా," అనేవాడు. "రేపు చూద్దాం," అనేవాడు వేణుగోపాల్. జీవితమంతా ఎదురుచూసిన ఆ మాట నోట్లో చేదుగా ఉండేది.

ఐదో రోజు మీటింగుకు నాగమణమ్మ వచ్చింది. చివరి గల్లీ నుంచి హాలుకు రెండు వందల అడుగులుంటుంది. మధ్యలో మూడుసార్లు అరుగుల మీద కూర్చుని వచ్చింది. కుర్చీ వేశారు. సంచి ఒళ్లో పెట్టుకుంది.

"వేణూ, పడవ కుళ్లిందంటున్రు. నిజమేనా బిడ్డా?"

"విచారణ నడుస్తున్నదమ్మా."

"విచారణను నడవనియ్యి. నేను నడవలేను గద. నీళ్లొస్తే నాకెవలొస్తరు?"

వేణుగోపాల్ ఫారం వైపు చూశాడు. లెక్క వేసుకున్నాడు. వానకు ఎనిమిది రోజులుంది. పనికి ఎనిమిది రోజులు కావాలి. ఇంకొక్క ఉపసంఘం వేస్తే ఈవిడ మళ్లీ బల్ల మీద మంచమేసుకుని కూర్చుంటుంది. అంతే, ఇంక తట్టుకోలేకపోయాడు. కలం తీసి ఏడో గడిలో తన పేరు రాసి, లేచి నిలబడి అందరికీ వినబడేలా చదివాడు.

"పొక్కలు నేనే కొట్టిన. నా పేరు నలుగురికి కనవడాలని కొట్టిన. సిలికాన్ పెట్టలే. మీదికెళ్లి టార్పాలిన్ బిగించి లోపల కుళ్లవెట్టింది గూడ నేనే. మేక ఏం చెయ్యలే. వాన ఏం చెయ్యలే."

మొట్టమొదటిసారి బసవయ్య రెండు కళ్లూ తెరిచాడు. ఆ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఎంత పెద్ద మనసు!" అన్నాడు. "బస్తీ మీద మాట రావద్దని తప్పంత తన నెత్తినేసుకుంటున్నడు."

"గట్ల గాదు బాపు, నిజంగనే నేను..."

"సూడున్రి, ఇంక గూడ తనే అంటున్నడు!"

చప్పట్లు మోగాయి. కొండల్ పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. మేక మీద మచ్చ పోయిన ఆనందం అది. వేణుగోపాల్ ఎంత గట్టిగా తప్పు నాదేనంటే అతని గొప్పతనం అంత పెరిగింది. స్క్రూల సైజు చెప్పాడు, డ్రిల్లు కంపెనీ చెప్పాడు, ఆనాటి ఫొటోలు తీసి చూపించాడు. ఫొటోల్లో మనిషి ఎంత నిరాడంబరంగా ఉన్నాడో చూడండని మెచ్చుకున్నారు. 'నిందను స్వచ్ఛందంగా స్వీకరించిన' కార్యదర్శికి శాలువా కప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించి, అప్పటికప్పుడు కప్పేశారు. నేరం ఒప్పుకునే అవకాశం కూడా ఇవ్వని సమాజంలో మనిషి నిజాయితీగా ఎలా బతకాలో ఆ సాయంత్రం అతనికి అర్థం కాలేదు. (శాలువా మాత్రం బాగుంది. ఇంటికి వెళ్లేదాకా తీయలేదు.)

నాగమణమ్మ చప్పట్లు కొట్టలేదు. అతన్ని కాసేపు అలా చూసి, సంచి పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది.

ఏమైతేనేం, ఏడో గడి నిండింది. మర్నాడు సామ్యూల్ గ్రైండరు పెట్టాడు. లోపలి తొడుగు నీటుగా కోసి పక్కన పెట్టాడు. ఉలితో, తర్వాత గరిటెతో, ఆ తర్వాత చేత్తోనే కుళ్లు తోడి తీశాడు. రెండు గమేళాలు నిండాయి. మూడు రోజులు ఫ్యాను, హాలోజన్ దీపం పెట్టి ఆరబెట్టాడు. ఆ మూడు రోజులూ వేణుగోపాల్ గంటకోసారి వచ్చి, అరచేతిని తిరగేసి చెక్కకు తాకించి చూసి వెళ్లాడు. దానికోసం ఫారం కూడా తయారు చేశాడు: 'తడి ఉన్నది', 'తడి లేదు', 'తడి పరిశీలనలో ఉన్నది'. ఎక్కువగా మూడోదానికే టిక్కు పెట్టాడు.

కొత్త చెక్క తన దుకాణం నుంచే ఇస్తానన్నాడు. నీళ్లకు చెక్కుచెదరని మెరైన్ ప్లై, కంపెనీ గ్యారంటీ. సామ్యూల్ ఏమీ అనకుండా దాంట్లో ఒక ముక్క కోసి బకెట్ నీళ్లలో పడేశాడు. తెల్లారి చూస్తే పూరీలా ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది.

"గిది మంచి చెక్కనే అన్నా," అన్నాడు సామ్యూల్, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "నీళ్లల్ల వెయ్యనోళ్లకు."

ఆ రోజు వేణుగోపాల్ ముఖం చూపించకుండా వెళ్లి మరో దుకాణంలో చెక్క కొనుక్కొచ్చాడు. అతను అమ్మేవాడిగా కాక కొనేవాడిగా బేరమాడటం అదే మొదలు; "సిలికాన్ గూడ తీస్కో అన్నా," అని వాళ్లు అంటగట్టారు. తీసుకున్నాడు. సామ్యూల్ చెక్క అంచులన్నీ రెజిన్ తాగేలా పూసి, బిగించి, గ్లాసుగుడ్డ పొర మీద పొర వేసి అతికించాడు. పాత పొక్కలన్నీ ఒక్కటి వదలకుండా పూడ్చాడు. బోర్డులను మూట కట్టి వేణుగోపాల్ చేతిలో పెట్టి, "గివి హాలు గోడకు కొట్టుకోండ్రి. గోడ తేలే పని లేదు," అన్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం సుత్తితో మళ్లీ కొట్టి చూపించాడు. ముందు టక్ టక్. వెనక కూడా టక్ టక్. వేణుగోపాల్‌కు నిజంగా ఏడుపొచ్చింది. సామ్యూల్ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. సుత్తి తీసుకుని తానే ఇంకో పది దెబ్బలు కొట్టి విన్నాడు.

ఆ రాత్రే వాన మొదలైంది. ఫోను చెప్పిన వాన ఫోను చెప్పిన రోజుకే రావడం నగర చరిత్రలో అరుదు. తెల్లవారుజాముకు గేట్లెత్తారు. మసీదు మైకులోనూ గుడి మైకులోనూ ఒకే మాట వినిపించింది: పల్లపు గల్లీలు ఖాళీ చేయండి. పొద్దున తొమ్మిదికల్లా చివరి గల్లీలో నడుము లోతు నీళ్లు.

వేణుగోపాల్ మూడు ముద్రలూ ఒకదాని తర్వాత ఒకటి వేసి పడవ దింపించాడు. అతనితోపాటు కొండల్, సామ్యూల్ ఎక్కారు. మోటారు తగిలించారు. వెనక చెక్క కిమ్మనలేదు. పడవ బర్రుమని గల్లీలోకి దూసుకుపోతుంటే, మేడల మీదికి చేరిన జనం వీడియోలు తీశారు. "ఎక్కుతారా?" అని అడిగితే "మేం మంచిగనే ఉన్నం, మీరు జర మెల్లగ పోండ్రి, వీడియో సరిగ్గ వస్తలే," అన్నారు. వేణుగోపాల్ అడుగు భాగాన్ని చేత్తో తడిమి చూస్తూనే ఉన్నాడు. పొడి. అప్పడంలా పొడి. గుండె నిండా సంతోషంతో నాగమణమ్మ గడప ముందు పడవ ఆపించాడు.

తలుపుకు తాళం వేసి ఉంది.

"అమ్మా!" అని అరిచాడు. కిటికీ తట్టాడు. ఫోను తీసి నంబరు నొక్కాడు. నాలుగో రింగుకు ఎత్తింది.

"యాడున్నవమ్మా? పడవ నీ గడప కాడనే ఉంది!"

"దబీర్‌పురాల మా చెల్లె రాజమణి ఇంట్ల ఉన్న బిడ్డా. నిన్న పొద్దుగాలనే ఆటో కట్టుకొని వచ్చిన. చాయ్ తాగుతున్న."

"నేనొస్తనని చెప్పిన గదమ్మా! నా జిమ్మ అంటిని గద!"

"అన్నవ్. పొక్కలు నేనే కొట్టిన అని గూడ అన్నవ్. గా దినం అందరు చప్పట్లు కొట్టిన్రు." ఆవిడ చాయ్ ఒక గుక్క తాగినట్టుంది. "నేను నమ్మిన."

వేణుగోపాల్ వంగి పడవ అడుగును మరోసారి తడిమాడు. "గిప్పుడు మంచిగైందమ్మా," అన్నాడు. "ఒక్క చుక్క గూడ లోపలికి వస్తలే."

"సంతోషం. గసొంటి నిజాలు ఇంకో రెండు చెప్పు బిడ్డా, గల్లీకి గల్లీ బతుకుతది."

సాయంత్రం వాన తెరిపిచ్చాక, హాలు మేడ మీద కూర్చుని వేణుగోపాల్ ఆ రోజు నివేదిక రాశాడు. పడవ బయలుదేరిన సమయం రాశాడు, తిరిగొచ్చిన సమయం రాశాడు. లోపలికి వచ్చిన నీరు: లేదు. 'పడవ వల్ల ప్రాణాలు దక్కినవారు' అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది. చివరికి 'ఒకరు' అని రాసి, సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేశాడు.